రక్తంతో వచ్చే కామెర్లు: ఏ పరీక్షను నమ్మాలి?

మీ పిల్లవాడికి మాటిమాటికీ న్యుమోనియా వస్తోందనుకోండి. చెవిలో చీము ఆగడం లేదు. విరేచనాలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతున్నాయి. డాక్టరు పరీక్షలు చేయించి, “వీడి ఒంట్లో యాంటీబాడీలు తయారవడం లేదు. మూడు నాలుగు వారాలకోసారి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలి” అన్నారు. అది ఇతరుల రక్తంనుంచి తీసే మందు. “దాంతో కామెర్లు అంటుకుంటే?” అని మీకు భయం వేస్తుంది. ఆ భయం అర్థంలేనిదేమీ కాదు. కాని ఆ భయంతో మందు మానిపిస్తే మాత్రం పిల్లవాడి ప్రాణానికే ముప్పు.

రోగక్రిములతో పోరాడటానికి శరీరం తయారు చేసుకునే ఆయుధాలే యాంటీబాడీలు. కొందరికి పుట్టుకతోనే ఇవి వుండవు. 1952లో అమెరికన్ డాక్టరు ఆగ్డెన్ బ్రూటన్ ఎనిమిదేళ్ళ బాలుడిలో ఈ లోపాన్ని గుర్తించి, ఇతరుల రక్తంనుంచి తీసిన గామాగ్లోబులిన్ ఇచ్చి మేలు చేశాడు. ఇవాళ్టికీ ముఖ్యమైన వైద్యం అదే.

మరి చిక్కు ఎక్కడుంది? ఈ మందును వేలమంది దాతల ప్లాస్మా ఒకచోట కలిపి తయారుచేస్తారు. వారిలో ఒక్కరికి వైరస్ వున్నా మొత్తం చెడిపోవచ్చు. దాతల రక్తానికి పరీక్షలు వచ్చాక కూడా, 1994లో అమెరికాలో ఒక ఇమ్యునోగ్లోబులిన్ మందువల్ల ఎందరికో హెపటైటిస్-సి సోకింది. ఆ మందును మార్కెట్‌నుంచి వెనక్కి తీసుకున్నారు.

అప్పటినుంచి తయారీలో జాగ్రత్తలు పెరిగాయి. వైరస్ పైపొరను కరిగించే రసాయనాలు వాడతారు. కొన్ని మందులను 60 డిగ్రీల వేడిలో 10 గంటలు వుంచుతారు. అతి సన్నని వడపోతలు పడతారు. అందువల్ల ఇప్పుడీ మందుతో ప్రమాదం చాలా తక్కువ. కాని మామూలుగా ఎక్కించే రక్తాన్ని ఇలా వేడిచేయడం కుదరదు. అక్కడ దాతకు చేసే పరీక్షే ఆధారం. మన దేశంలో బ్లడ్ బ్యాంకుల్లో హెపటైటిస్-సి పరీక్ష 2001లో తప్పనిసరి అయింది.

ఇక అసలు విషయానికి వద్దాం. హెపటైటిస్-సి కోసం మామూలుగా చేసే పరీక్ష వైరస్‌ను వెతకదు, యాంటీబాడీని వెతుకుతుంది. యాంటీబాడీలే తయారుకాని పిల్లవాడికి అది ఎలా దొరుకుతుంది? జబ్బు వున్నా “నెగటివ్” అని రావచ్చు. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారి విషయంలోనూ ఇలా జరగవచ్చు. దీనికి విరుద్ధంగా, మందుతోపాటు వచ్చిన దాతల యాంటీబాడీలవల్ల జబ్బు లేకపోయినా “పాజిటివ్” అని రావచ్చు. అందుచేత వైరస్‌నే నేరుగా పట్టే పరీక్షలు కావాలి.

మీరు గుర్తుంచుకోవలసినవి:

1. హెపటైటిస్-సి కోసం హెచ్.సి.వి. ఆర్.ఎన్.ఎ. పరీక్ష, హెపటైటిస్-బి కోసం హెచ్.బి.ఎస్. యాంటిజెన్, అవసరమైతే డి.ఎన్.ఎ. పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. చికిత్స మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించాలి.

2. ఎక్కించిన ప్రతి సీసా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి.

3. కళ్ళు పచ్చబడేదాకా ఆగకండి. హెపటైటిస్-సి ఏ లక్షణమూ లేకుండా ఏళ్ళ తరబడి కాలేయాన్ని తినేస్తుంది.

4. కామెర్లు కనబడితే పసరు పోయించడం, చేతిమీద వాత పెట్టించడం వద్దు.

5. ఇంటిల్లిపాదీ హెపటైటిస్-బి టీకాలు వేయించుకోండి. రోగికి టీకా పూర్తిగా పనిచేయకపోవచ్చు. ఇంట్లోవాళ్ళ రక్షణే అతనికీ కొంత రక్షణ.

హెపటైటిస్-సి కి టీకా లేదు. అయినా బెంగపడకండి. సాధారణంగా 12 వారాలు మాత్రలు వాడితే నూటికి తొంభైమందికి పైగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తున్నారు. కావలసిందల్లా జబ్బును వేళకు కనిపెట్టడమే. అందుకే ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, రిపోర్టులో “నెగటివ్” అని వుంటే “ఇది యాంటీబాడీ పరీక్షా, వైరస్ పరీక్షా?” అని ఒక్క మాట అడగండి.