చదివి పారేసిన పుస్తకాలకు ఒక మ్యూజియం

జపాన్‌లోని క్యోటో నగరం నడిబొడ్డున, కరాసుమ ఓయికే స్టేషన్‌కు కూతవేటు దూరంలో పాత బడి ఒకటుంది. ఎండ కాసే రోజున దాని ఆవరణలో, గడ్డి మీద జనం బోర్లా పడుకుని బొమ్మల కథలు చదువుతుంటారు. టికెట్టు కొని లోపలికి వచ్చినవాళ్లే వాళ్లంతా. ఆ బొమ్మల కథలనే జపాన్‌లో మాంగా అంటారు. ఈ బడే ఇప్పుడు క్యోటో అంతర్జాతీయ మాంగా మ్యూజియం.

ఆ బడి పేరు తత్సుయికే. పేటలోని జనమే పూనుకొని 1869లో పెట్టుకున్నారు. ఇప్పుడున్న భవనం 1929 నాటిది. పిల్లలు తగ్గిపోయి 1995లో బడి మూతపడింది. క్యోటో నగరపాలక సంస్థ, సెయికా విశ్వవిద్యాలయం కలిసి 2006లో అక్కడ మ్యూజియం తెరిచాయి. తరగతి గదులూ, నడిస్తే కిర్రుమనే చెక్క నేలా అలాగే ఉంచారు.

నడవాల పొడవునా పుస్తకాల అరలే. అన్నీ కలిపితే 200 మీటర్లు, వాటిలో దాదాపు 50 వేల సంపుటాలు. కింది అంతస్తులో అబ్బాయిల కథలు, ఆ పైన అమ్మాయిలవి, అన్నిటికన్నా పైన పెద్దవాళ్లవి. మాంగా పత్రికలు మొదటినుంచీ పాఠకుల వయసునీ, ఆడామగా తేడానీ చూసుకునే వెలువడ్డాయి కాబట్టి అరలూ అలాగే విడిపోయాయి. ఎవరినీ అడగక్కర్లేదు, నచ్చిన పుస్తకం తీసుకుని ఎక్కడైనా కూర్చోవచ్చు.

నలిగిపోయే పుస్తకాలను ఇలా జనం చేతుల్లో పెట్టడమేమిటి? జవాబు మాంగా చరిత్రలోనే ఉంది. 1959లో 'షోనెన్ మ్యాగజైన్', 'షోనెన్ సండే' మొదలయ్యాక ఈ కథలు వారపత్రికల మీదే బతికాయి. 1968లో వచ్చిన 'షోనెన్ జంప్' 1990ల నడుమ వారానికి 65 లక్షల ప్రతుల దాకా అమ్ముడైంది. ఇటుకంత లావు, ముతక కాగితం, చవక ధర. రైల్లో చదివేసి అక్కడే వదిలేసేవాళ్లు కొల్లలు. ఆదరణ పొందిన కథలు మాత్రం చిన్న సంపుటాలుగా మళ్లీ వచ్చేవి. కొనలేనివాళ్లకు అద్దె పుస్తకాల షాపులుండేవి, ఒకప్పుడు మన ఊళ్లలో నవలలు అద్దెకిచ్చిన షాపుల్లాగే. ఈ మ్యూజియం అరల్లోని పుస్తకాల్లో చాలా భాగం మూతపడిన అలాంటి ఓ షాపు నుంచి వచ్చినవే.

లక్షల్లో అచ్చైనా చివరికి మిగిలేవి కొన్నే. అందుకే మ్యూజియం చదవనివ్వడం, దాచిపెట్టడం రెండు పనులూ చేస్తుంది. మొత్తం నిల్వ దాదాపు 3 లక్షలు. అందులో జపాన్ చరిత్రలో 'ఎదో' అనే పాత యుగపు వ్యంగ్య చిత్రాలూ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి పత్రికలూ ఉన్నాయి. అరుదైన వాటిని విడిగా భద్రపరిచి, పరిశోధకులు అడిగినప్పుడు ఇస్తారు. టీవీ రాకముందు వీధుల్లో అట్టల మీది బొమ్మలు మారుస్తూ కథ చెప్పిన కామిషిబాయిని మాత్రం ఇప్పటికీ ప్రేక్షకుల ముందు ఆడి చూపిస్తారు.

పారేయడానికే పుట్టినట్టున్న పుస్తకాన్ని కాపాడాలంటే కాగితాన్ని దాచడం సగం పనే. దాన్ని జనం ఎలా చదివారన్నదీ చరిత్రే. ఆ అలవాటును అద్దాల పెట్టెలో పెట్టలేం కాబట్టి, 50 వేల పుస్తకాలు నలిగినా ఫరవాలేదని ఈ మ్యూజియం నిర్ణయించుకుంది.