రెండు చుక్కలు, ఎనిమిది మూలలు

"సార్, ఎలక్ట్రాన్లది రుణావేశం అన్నారు. రెండు రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయన్నారు. మళ్లీ ఆ రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టి అదే బంధం అంటున్నారేంటి?" పదో తరగతిలో రసాయన బంధం పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచో ముందు బెంచీ నుంచో ఈ ప్రశ్న లేస్తుంది. ఎవరూ అడగకపోతే నాకు దిగులేస్తుంది. ఆ చుక్కల్ని కనిపెట్టిన మనిషి దగ్గర కూడా దీనికి సరైన జవాబు లేదు. జవాబు లేకుండానే చుక్కలు పెట్టాడు, అవి పనిచేశాయి.

ఆయన గిల్బర్ట్ న్యూటన్ లూయిస్. సమయోజనీయ బంధం అనగానే మనం నోట్‌బుక్‌లో పెట్టే చుక్కల జత ఆయనదే. దాన్ని నేను కాగితం మీద నడిచే యంత్రం అంటాను. పరమాణువుల్ని ఇటు వేస్తే అణువు ఆకారం అటు వస్తుంది. అయితే ఆ యంత్రం తొలి నమూనా చుక్కలు కాదు, ఘనాలు.

1902లో లూయిస్ హార్వర్డ్‌లో పిల్లలకు ఆవర్తన పట్టిక చెప్పేవాడు. ఎలక్ట్రాన్ బయటపడి అప్పటికి ఐదేళ్లే. మూలకాల గుణాలు ఎనిమిదేసి గళ్లకు తిరిగి వస్తున్నాయి, ఎనిమిది మూలలున్న బొమ్మ ఘనం. ఒక్కో మూలకు ఒక్కో ఎలక్ట్రాన్ పెట్టేశాడు. సోడియానికి ఒక మూల నిండింది, ఫ్లోరిన్‌కి ఏడు నిండాయి, నియాన్‌కి ఎనిమిదీ నిండి ఇక ఎవరితోనూ పని లేకుండా పోయింది. మార్చి 28 తేదీ వేసిన ఆ కాగితాల్ని పద్నాలుగేళ్లు దాచుకున్నాడు.

ఉప్పు సంగతి ఘనాలతో తేలికగానే తెగుతుంది. సోడియం ఒకటి ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, ధన రుణావేశాలు అతుక్కుంటాయి. చిక్కంతా ఫ్లోరిన్ వాయువుతో. రెండూ ఫ్లోరిన్ పరమాణువులే, రెండింటికీ ఒక్కొక్కటి తక్కువ. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు?

ఇక్కడ రెండు లూడో పాచికలు తెచ్చుకోండి, చదువుతూ చేయాల్సిన పని ఇది. రెండు పాచికలకు కలిపి పదహారు మూలలు. అంచుకు అంచు తాకేలా పెట్టండి. తాకిన చోట రెండు మూలలు ఉమ్మడివయ్యాయి, కాబట్టి మిగిలిన లెక్క పద్నాలుగు. రెండు ఫ్లోరిన్ల దగ్గర ఉన్న ఎలక్ట్రాన్లెన్ని? ఏడూ ఏడూ పద్నాలుగు. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, అయినా రెండు ఘనాలకూ ఎనిమిదేసి మూలలు నిండాయి. ఉమ్మడిగా పడిన ఆ రెండు ఎలక్ట్రాన్లే ఏకబంధం. 1916లో బర్క్‌లీ నుంచి రాసిన పత్రంలో లూయిస్ చెప్పిన అసలు మాట ఇదే.

ఇప్పుడు ఆక్సిజన్. ఆరూ ఆరూ పన్నెండు. పాచికల్ని ముఖానికి ముఖం ఆనించండి. నాలుగు మూలలు ఉమ్మడి, పదహారులోంచి నాలుగు పోతే పన్నెండు. ద్విబంధం వచ్చేసింది. లెక్క ఇంత ముచ్చటగా కుదిరితే ఎవరికైనా ఘనం మీద ప్రేమ పుడుతుంది.

తర్వాత నైట్రోజన్. ఐదూ ఐదూ పది. అంటే ఆరు మూలలు ఉమ్మడి కావాలి, అదే త్రిబంధం. పాచికల్ని ఎటు తిప్పినా, ఎలా పేర్చినా ఆరు మూలలు మాత్రం కలవవు. ఘనం అక్కడ ఇరుక్కుపోయింది. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉన్న వాయువు ఆ యంత్రంలో పట్టలేదు. వెల్డింగ్ షాపులో మండే అసిటిలీన్‌దీ అదే గతి, దానిలోని రెండు కార్బన్ల మధ్య ఉన్నదీ త్రిబంధమే.

లూయిస్‌లో నాకు నచ్చేది దీని తర్వాత చేసిన పని. పద్నాలుగేళ్లు పెంచుకున్న ఘనాన్ని అదే పత్రంలో పక్కన పెట్టేశాడు. ఎనిమిది ఎలక్ట్రాన్లు ఎనిమిది మూలల్లో విడివిడిగా కూర్చోవు, రెండేసి జతలుగా నాలుగు చోట్ల చేరతాయి అన్నాడు. నాలుగు మూలల బొమ్మ చతుర్ముఖి. మన సమోసా దాదాపు ఆ ఆకారమే. కార్బన్ బంధాలు నాలుగూ అలాగే పరుచుకుంటాయని వాంట్ హాఫ్, లె బెల్ 1874లోనే చెప్పి ఉన్నారు కూడా.

మళ్లీ లెక్క వేయండి. రెండు చతుర్ముఖులకు ఎనిమిది మూలలు, మూలకో జత. ఒక మూల కలిపితే ఏడు జతలు, పద్నాలుగు ఎలక్ట్రాన్లు. అది ఫ్లోరిన్. ఒక అంచు కలిపితే ఆరు జతలు, పన్నెండు. అది ఆక్సిజన్. ఒక ముఖం కలిపితే మూడు మూలలు ఉమ్మడి, మిగిలేవి ఐదు జతలు, పది ఎలక్ట్రాన్లు. నైట్రోజన్ పట్టేసింది.

లెక్క సరిపోవడం ఒక ఎత్తు, అడగని ప్రశ్నలకు కూడా జవాబులు రావడం ఇంకో ఎత్తు. అట్టతో చతుర్ముఖులు చేసి మూలకు మూల అతికిస్తే రెండోదాన్ని గిరగిరా తిప్పొచ్చు. ఈథేన్‌లో ఏకబంధం చుట్టూ కార్బన్లు తిరిగేది అలాగే. అంచుకు అంచు అతికిస్తే ఆ తిరుగుడు ఆగిపోతుంది. అందుకే ద్విబంధం ఉన్న మాలియిక్ ఆమ్లం, ఫ్యూమరిక్ ఆమ్లం ఒకే ఫార్ములాతో రెండు వేర్వేరు పదార్థాలుగా బతుకుతున్నాయి. ఘనాలకైతే ఏకబంధమే తిరగదు. ఇంకొకటి: మూల నుంచి అంచుకు, అంచు నుంచి ముఖానికి వచ్చేకొద్దీ బొమ్మల నడిబొడ్డులు దగ్గరవుతాయి. కొలిచి చూస్తే కార్బన్ల మధ్య దూరం ఏకబంధంలో 154 పికోమీటర్లు, ద్విబంధంలో 134, త్రిబంధంలో 120.

ఇంత పని చేసిన పత్రాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. యుద్ధకాలం. 1918లో లూయిస్ ఫ్రాన్స్‌లో సైన్యం రసాయన విభాగంలో ఉన్నాడు. ఆయన తిరిగొచ్చాక 1919లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ఆ ఊహను ఎత్తుకుని పెద్ద పత్రం రాశాడు, ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. మాటకారి. ఇంగ్లిష్‌లో బంధానికి ఈనాటికీ వాడే కోవాలెన్స్ పేరు, ఎనిమిది ఎలక్ట్రాన్ల గుంపుకు ఆక్టెట్ (అష్టకం) అనే పేరు ఆయన పెట్టినవే. జనం లూయిస్-లాంగ్మ్యూర్ సిద్ధాంతం అనడం మొదలుపెట్టారు, కొందరైతే ముందు పేరు మరిచిపోయారు. లూయిస్ 1923 పుస్తకంలో చాలా మర్యాదగా చురక వేశాడు: మేమిద్దరం కలిసి చేసిందేమీ లేదు, ఆయన కొత్తగా కలిపినదేదైనా ఉంటే ఆ ఘనత ఆయనదే అనే అర్థంలో.

పేర్ల గొడవ కింద అసలు తగువు ఒకటుంది. లాంగ్మ్యూర్‌కి ఎనిమిది ముఖ్యం, లూయిస్‌కి రెండు ముఖ్యం. హైడ్రోజన్ అణువులో ఉన్నవే రెండు ఎలక్ట్రాన్లు. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ చుట్టూ పన్నెండు గీయాలి. ఎనిమిది అటూ ఇటూ అయినా జత మాత్రం ఈ మూడింటిలోనూ నిలిచింది. ఈ తగువులో నా ఓటు లూయిస్‌కే.

ఇక మొదటి ప్రశ్న. నెట్టుకోవాల్సినవి జతకట్టడమేమిటి? అంత దగ్గర్లో, ఆవేశాల లాగుడూ నెట్టుడూ చెప్పే కూలుంబ్ నియమం మామూలుగా పనిచేయదేమోనని లూయిస్ ఊహించాడు. అది తప్పు. 1927లో జూరిచ్‌లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు యువకులు కొత్త క్వాంటం యాంత్రికశాస్త్రంతో హైడ్రోజన్ అణువును లెక్కగట్టారు. ఎలక్ట్రాన్లు నెట్టుకుంటాయి, అది నిజమే. కానీ రెండింటి స్పిన్‌లు (ఎలక్ట్రాన్‌కి సహజంగా ఉండే, తిరుగుడు లాంటి గుణం) ఎదురెదురైతే రెండూ కేంద్రకాల మధ్య ఒకే చోట గుమికూడగలవు. అక్కడున్న ఎలక్ట్రాన్‌ని రెండు కేంద్రకాలూ లాగుతాయి. ఆ లాభం ముందు నెట్టుడు నష్టం చిన్నది. స్పిన్‌లు ఒకే వైపుంటే అణువే ఏర్పడదు. కేంద్రకాలు 74 పికోమీటర్ల దూరంలో నిలుస్తాయి, ఒక మోల్ హైడ్రోజన్‌ని విడగొట్టడానికి 436 కిలోజౌళ్లు కావాలి. నైట్రోజన్‌కైతే 945.

తర్వాతి చరిత్ర చకచకా సాగింది. లైనస్ పాలింగ్ 1939లో రసాయన బంధం మీద రాసిన పుస్తకాన్ని లూయిస్‌కి అంకితమిచ్చాడు. లాంగ్మ్యూర్‌కి 1932లో నోబెల్ వచ్చింది, బంధాలకు కాదు, ఉపరితల రసాయనానికి. లూయిస్‌ని నలభైకి పైగా సార్లు ప్రతిపాదించారు, ఒక్కసారీ ఇవ్వలేదు. 1946లో బర్క్‌లీ ప్రయోగశాలలోనే కన్నుమూశాడు.

యంత్రానికి లోపాలు లేకపోలేదు. ఆక్సిజన్‌కి చుక్కలు పెడితే అన్నీ జతలే వస్తాయి, అలాంటి అణువుని అయస్కాంతం లాగకూడదు. ద్రవ ఆక్సిజన్‌ని అయస్కాంత ధ్రువాల మధ్య పోస్తే వేలాడుతూ నిలబడుతుంది. జత కాని ఎలక్ట్రాన్లు రెండు అందులో ఉన్నాయి. ఆ సంగతి చెప్పడానికి అణు ఆర్బిటాళ్లు అనే వేరే సిద్ధాంతం కావాల్సి వచ్చింది.

ఈ పాఠం చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. అష్టక నియమంతో మొదలుపెట్టకండి. ముందు జత చెప్పండి, హైడ్రోజన్‌తో. ఎనిమిది తర్వాత చెప్పొచ్చు, దానికి లొంగని అణువుల్ని కూడా అదే రోజు బోర్డు మీద గీయండి. పాచికలు, అట్టముక్కలు పిల్లల చేతికిచ్చి నైట్రోజన్ దగ్గర వాళ్లనే ఇరుక్కోనివ్వండి.