ఒక్క మీటుకు నాలుగు స్వరాలు

హనుమకొండ సుబేదారిలో సాయంకాలం నడిచిపోతున్నప్పుడు ఏ మేడ మీది గదిలోనుంచో గిటారు వినిపించడం నేడు వింత కాదు. వాయించే విద్యార్థి మరునాడు కళాశాల ప్రయోగశాలలో సోనోమీటరు ముందు నిలబడతాడు. తీగకు బరువులు తగిలించి, దానిపై నిలిపిన కాగితపు తునక ఎగిరిపడేవరకు పీటలను అటూ ఇటూ జరుపుతాడు. సాయంకాలం మీటినదీ, ఉదయం కొలిచినదీ ఒకే సంగతి అని అతనికి తోచకపోవచ్చును. తోచినట్లయితే, గిటారుకు మన తెలుగునాట చుట్టమైన వీణను, దానిని గడచిన తరంలో వాయించిన మహామహులను అతడు వేరు చెవులతో వినగలుగుతాడు.

సాగదీసి కట్టిన తీగ పలికే స్వరం దాని పొడవు, తన్యత, బరువు అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. దండి మీద మెట్లు అమర్చడం ఈ సూత్రంతోనే. ప్రతి మెట్టు దగ్గర మిగిలిన తీగలో సుమారు పద్దెనిమిదో వంతు తగ్గిస్తూ పోవాలి. ఈ లెక్కను 1581లో అచ్చువేసిన ఇటలీ సంగీతజ్ఞుడు విన్సెంజో గెలీలీ. గురుత్వాకర్షణను పరిశోధించిన గెలీలియోకు ఆయన కన్నతండ్రి. 65 సెంటీమీటర్ల గిటారు తీగకు మొదటి మెట్టు 36 మిల్లీమీటర్ల దూరాన వస్తుంది. వీణకు 24 మెట్లు. వాటిని మైనం మీద నిలబెడతారు.

ఇంతవరకు పని వడ్రంగిది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి, కుండను దండిని ఒకే కొయ్యతో చేసే వీణలు పేరుపొందినవి. కాని మెట్టు ఇచ్చేది ఒక్క స్వరాన్నే. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్న సంగీతాన్ని ఎవరు ఇవ్వాలి? అది వైణికుని ఎడమచేతి పని. అతడు తీగను మెట్టుమీదనే ప్రక్కకు లాగుతాడు. పొడవు దాదాపు మారదు, తన్యత పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. గమకంలో ముఖ్యభాగం ఇదే.

ఇది ఎంత కష్టమో సోనోమీటరే చెబుతుంది. పౌనఃపున్యం తన్యత యొక్క వర్గమూలంతో పెరుగుతుంది. 4 కిలోల బరువుకు తీగ షడ్జమం పలుకుతున్నదనుకుందాం. చతుశ్రుతి రిషభానికి 5 కిలోలు దాటాలి. అంతర గాంధారానికి 6 కిలోల పావు కావాలి. శుద్ధ మధ్యమానికి 7 కిలోల 100 గ్రాములు పైచిలుకు, అనగా మొదటి బరువుకు దాదాపు 78 శాతం అదనం. ఒక్కొక్క మెలకువకు చేర్చవలసిన బరువు కూడా సమానం కాదు. ప్రయోగశాలలో బరువులు మార్చడానికి ఎంతసేపైనా పడుతుంది. వైణికుడు మాత్రం ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరిపోయే లోపల, ఒకే మెట్టు మీద ఈ నాలుగు స్వరాలనూ పలికించాలి. తూకపురాయి అతని వ్రేలికొన. త్రాసు అతని చెవి.

ఈ విద్యలో ఆరితేరినవారు ఈమని శంకరశాస్త్రి. 1922లో ద్రాక్షారామంలో వైణికుల ఇంట పుట్టి, మద్రాసు జెమినీ స్టూడియోలోను తరువాత ఆకాశవాణిలోను పనిచేసి, 1987లో గతించారు. గాయకుడు ఒక ఊపిరిలో పలికేదానిని ఆయన ఒక మీటులో పలికించేవారు. మాటిమాటికీ మీటితే పాట ముక్కలవుతుంది. తక్కువ మీటులతో ఎక్కువ లాగితే అది గొంతు పాటవుతుంది. ఆయన శిష్యుడు కాకినాడలో పుట్టిన చిట్టిబాబు (1936–1996) కోకిల కూతను వీణపై వినిపించి దేశవిదేశాలలో జనాన్ని మురిపించారు. దానిని కొందరు పండితులు చమత్కారమని తేలికగా తీసివేసిన మాట వినబడుతుంది. అది న్యాయం కాదు. మగకోకిల కూత మెట్లుమెట్లుగా పోదు, జారుతూ పైకి పోతుంది. తన్యతను ఎక్కడా తడబాటు లేకుండా పెంచితేనే ఆ కూత వస్తుంది. వ్రేలు ఒక్క చోట ఆగితే కోకిల కాస్తా వీణ అయిపోతుంది!

కుడిచేతి వైపు మరొక విశేషం ఉన్నది. తీగ ఒక ప్రాథమిక స్వరంతోపాటు అనుస్వరాలను కూడా పలుకుతుంది. సరిగా ఏడవ వంతు దగ్గర మీటితే, ఏడవ అనుస్వరానికి అక్కడ అస్పందన బిందువు ఉంటుంది కనుక అది పుట్టరాదు. ఇది యంగ్, హెల్మ్‌హోల్ట్‌జ్‌ల నియమం. గిటారు దీనిని చాలావరకు పాటిస్తుంది. అందుకే మీటే చోటు మారితే దాని రంగు మారుతుంది. వీణ, తంబురాలు ఈ నియమాన్ని ధిక్కరిస్తాయని 1921లో చూపినవారు చంద్రశేఖర వేంకట రామన్. తండ్రి విశాఖపట్టణంలో అధ్యాపకులు కావడంచేత ఆయన బాల్యవిద్య ఆ ఊరిలోనే సాగింది. పుట్టరాదన్న అనుస్వరం వీణలో గట్టిగానే వినిపిస్తున్నది. కారణం తీగ ఆనుకొనే పీట. గిటారులో తీగ ఒక సన్నని అంచు దగ్గర తెగినట్లు ఆగుతుంది. వీణలో పీట పైభాగం కొద్దిగా వంపు తిరిగిన లోహపు రేకు. కంపించే తీగ ఆ వంపును ఒరుసుకొంటూ, తాకుతూ విడుస్తూ ఉంటుంది. ఆ తాకిడి లేని అనుస్వరాలను కూడా లేపుతుంది. వీణ నాదం నిండుగా ఉండడానికి ఇదొక ముఖ్యకారణం.

పాత ధ్వనిముద్రణలను వినేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మధ్యతరంగ రేడియోలో సెకనుకు నాలుగైదు వేలు మించిన కంపనాలు సరిగా చేరవు. అందుచేత రామన్ గుర్తించిన పై అనుస్వరాలు చాలావరకు ఆ బురబుర శబ్దంలో పోయినవి. శంకరశాస్త్రిగారి వీణ ఎదుట కూర్చుని విన్నవారికి దక్కిన నాదపుష్టి మనకు పూర్తిగా దక్కదు. కాని గమకం ప్రాథమిక స్వరంలోనే జరిగే మార్పు. అది కొన్ని వందల కంపనాల పరిధిలో ఉన్నది కనుక గీతలు పడిన రికార్డులోనూ చెడలేదు. సుబేదారి విద్యార్థి అటువంటి ముద్రణ ఒకటి పెట్టుకొని, ఒక మీటుకూ మరొక మీటుకూ నడుమ స్వరం ఎన్ని చోట్ల నిలిచిందో వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. మొదటిసారి లెక్క తప్పుతుంది.