కడప జిల్లాలో ఈ-పాలన

కడప జిల్లాలో ఈ-పాలన అనగా ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని కడప జిల్లాలో రిజిస్ట్రేషన్లు, భూమి రికార్డులు, ధ్రువీకరణ పత్రాలు, పింఛన్లు, ఉపాధి కూలి చెల్లింపులు, ప్రజల అర్జీలు మొదలైన ప్రభుత్వ పనులను కంప్యూటరు సాఫ్టువేరు ద్వారా నిర్వహించే విధానం. 1998లో సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలతో మొదలైన ఈ మార్పు ఈ-సేవ, మీసేవ, గ్రామ, వార్డు సచివాలయాల మీదుగా 2025 నాటికి వాట్సాప్ ద్వారా సేవలు అందించే దశకు చేరింది. ఉపాధి కూలీలకు స్మార్టు కార్డుల ద్వారా వేతనం చెల్లించే పద్ధతిపై జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో ఈ జిల్లా కూడా భాగంగా ఉండటం దీని ప్రత్యేకత.

నేపథ్యం

కడప జిల్లాకు పరిపాలనా కేంద్రం కడప నగరం. పెన్నా నది ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాలు, జిల్లా పడమటి భాగంలోని పులివెందుల కడప నుండి సుమారు 50 నుండి 75 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ప్రొద్దుటూరు బంగారం, వస్త్ర వ్యాపారాలకు పేరు పొందిన పెద్ద వ్యాపార కేంద్రం. జమ్మలమడుగు చాలాకాలంగా రెవెన్యూ డివిజను కేంద్రంగా ఉన్నది. పులివెందుల 2022లో కొత్త రెవెన్యూ డివిజనుకు కేంద్రమైంది. ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న గ్రామాల ప్రజలు వ్యవసాయంపైన, కూలిపనిపైన ఎక్కువగా ఆధారపడినవారు. ఒక కాగితం కోసం మండల కార్యాలయానికో జిల్లా కేంద్రానికో వెళ్ళడమంటే బస్సు ఖర్చుతో పాటు ఆ రోజు కూలిని కూడా వదులుకోవడమే. ఈ-పాలన వలన కలిగే లాభనష్టాలను ఈ కొలతతోనే చూడవలసి ఉంటుంది.

జిల్లా పేరు, సరిహద్దులు కూడా ఈ కాలంలో మారాయి. 2010లో దీనికి వైఎస్ఆర్ జిల్లా అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొంత భాగం అన్నమయ్య జిల్లాలో చేరింది. 2025లో జిల్లా పేరు వైఎస్ఆర్ కడప జిల్లాగా మారింది. పేరు గాని, హద్దు గాని మారిన ప్రతిసారీ ఆ ప్రాంతపు రికార్డులు పాత దస్త్రాలతో పొంతన తప్పకుండా ఉండాలి. అందుకే ప్రభుత్వ సాఫ్టువేరులలో జిల్లా, మండలం, గ్రామాలను పేర్లతో కాక సంకేత సంఖ్యలతో గుర్తిస్తారు. పేరు మారినా సంఖ్య మారదు కనుక పాత రికార్డు దొరుకుతుంది.

తొలి దశ: రిజిస్ట్రేషన్లు

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రజలకు నేరుగా తెలిసివచ్చిన మొదటి పెద్ద కంప్యూటరు పథకం రిజిస్ట్రేషన్ శాఖకు చెందిన "కార్డ్". 1998 నవంబరు 4న రాష్ట్రంలోని 387 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో 214 కార్యాలయాలలో దీనిని ప్రారంభించారు. అంతకు ముందు దస్తావేజును గుమాస్తాలు పుస్తకాలలోకి చేతితో నకలు వ్రాసేవారు. ఆస్తి విలువను ఎలా లెక్క కట్టారో కొనుగోలుదారునికి తెలిసేది కాదు. భూమిపై అప్పులు, తాకట్లు ఉన్నవో లేవో తెలిపే ఈసీ కోసం ఏళ్ళ తరబడి పేరుకున్న పుస్తకాలను తిరగవేయవలసి వచ్చేది. కొత్త విధానంలో మార్కెట్ విలువలు కంప్యూటరులో ముందే నమోదై ఉంటాయి, దస్తావేజు స్కాను రూపంలో నిలువ ఉంటుంది, ఈసీ కొద్ది నిమిషాలలో ముద్రితమవుతుంది.

ఇళ్ళ స్థలాలు, దుకాణాలు తరచుగా చేతులు మారే ప్రొద్దుటూరు వంటి వ్యాపార పట్టణంలో ఈసీ త్వరగా దొరకడం చిన్న విషయం కాదు. ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మే మోసాన్ని కొనుగోలుదారు ముందే పసిగట్టగలిగేది ఈ పత్రం ద్వారానే.

ఈ-సేవ, మీసేవ

హైదరాబాదులో 1999లో "ట్విన్స్" పేరుతో ప్రయోగాత్మకంగా మొదలైన ఒకే కౌంటరు పద్ధతి 2001 ఆగస్టులో ఈ-సేవగా మారి, తరువాత జిల్లాల పట్టణాలకు విస్తరించింది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, నీటి పన్ను వంటివి ఒకేచోట చెల్లించే వీలు దీనితో కలిగింది. అయితే ఈ-సేవ ప్రధానంగా ప్రజల నుండి ప్రభుత్వానికి డబ్బు చేరే మార్గం. ప్రభుత్వం నుండి ప్రజలకు చేరవలసిన పత్రం మాత్రం చాలావరకు పాత దారిలోనే నడిచేది.

ఆ లోటును తీర్చడానికి వచ్చినది మీసేవ. 2011 నవంబరు 4న అప్పటి ముఖ్యమంత్రి నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి తిరుపతిలో దీనిని ప్రారంభించారు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించడం వలన ఇది సాధ్యమైంది. తహసీల్దారు ప్రతి కాగితంపైనా కలంతో సంతకం చేయనక్కర లేకుండా, డిజిటల్ సంతకం చేసిన రికార్డు నుండి పత్రాన్ని కేంద్రంలోనే ముద్రించి ఇస్తారు. పత్రంపై ఉన్న సంఖ్య ఆధారంగా అది అసలైనదో కాదో ఎవరైనా అంతర్జాలంలో సరిచూడవచ్చు.

మీసేవలోని సేవలు రెండు తరగతులు:

* "ఏ" తరగతి: రికార్డు ముందే డేటాబేసులో ఉంటుంది కనుక కౌంటరు వద్దనే వెంటనే ఇచ్చేవి. ఉదాహరణకు అడంగల్, 1-బి నకళ్ళు.
* "బి" తరగతి: క్షేత్రస్థాయి విచారణ జరిగిన తరువాత, నిర్ణీత గడువులోగా ఇచ్చేవి. ఉదాహరణకు ఆదాయ ధ్రువీకరణ పత్రం.

రెండవ తరగతిలో విచారణ చేసేది మనిషే. సాఫ్టువేరు చేసే పని ఏమిటంటే, దరఖాస్తు ఏ రోజు ఎవరి వద్దకు చేరింది, ఎన్ని రోజులుగా ఆగి ఉన్నది అనే విషయాన్ని పై అధికారికి చూపడం. కాగితం "కనపడుట లేదు" అని చెప్పే అవకాశం దీనితో తగ్గింది.

భూమి రికార్డులు

రెవెన్యూ శాఖ గ్రామ లెక్కలను "వెబ్ ల్యాండ్" అనే డేటాబేసులో నమోదు చేసింది. 2015 జూన్‌లో ప్రారంభమైన "మీ భూమి" వెబ్‌సైటు ద్వారా రైతు తన ఖాతా సంఖ్య గాని, సర్వే సంఖ్య గాని ఇచ్చి అడంగల్, 1-బి వివరాలను స్వయంగా చూసుకొనే వీలు కలిగింది. పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో ఇటువంటి "భూమి" పథకం 2001 నాటికే అమలులోకి వచ్చింది.

భూమి రికార్డు ఒక్క రెవెన్యూ శాఖకే పరిమితం కాదు. బ్యాంకు పంట రుణం ఇచ్చేముందు దీనినే చూస్తుంది. పంట నమోదు, పంట నష్టపరిహారం, పెట్టుబడి సాయం అన్నీ దీనిపైనే ఆధారపడతాయి. కాబట్టి డేటాబేసులో తండ్రి పేరు తప్పు పడినా, విస్తీర్ణంలో ఒక అంకె మారినా, పట్టా భూమి పొరపాటున నిషేధిత జాబితాలో చేరినా ఆ ఒక్క తప్పు అనేక శాఖలలో ఒకేసారి రైతుకు అడ్డుపడుతుంది. పాత పద్ధతిలో తప్పు ఒక పుస్తకంలో ఉండేది. కొత్త పద్ధతిలో ఆ తప్పు అన్ని చోట్లకూ ప్రయాణిస్తుంది. చూడటం రైతు చేతిలోకి వచ్చినా, సవరించే అధికారం మాత్రం రెవెన్యూ అధికారుల వద్దనే ఉన్నది. రికార్డు సవరణకు దరఖాస్తు, ఆధారాలు, విచారణ, ఉత్తర్వు అనే దశలు తప్పవు.

రికార్డుకు, నేలకు మధ్య ఉన్న తేడాను తొలగించడానికి 2020 డిసెంబరు 21న రాష్ట్రవ్యాప్తంగా భూముల రీసర్వే ప్రారంభమైంది. డ్రోనులు, ఉపగ్రహాల సంకేతాలను అందుకొనే రోవర్ల సహాయంతో హద్దులు కొలిచి, పాత సర్వే సంఖ్యల స్థానంలో కొత్త ల్యాండ్ పార్సెల్ సంఖ్యలు ఇచ్చారు. ఉమ్మడి సంఖ్యలు, విస్తీర్ణంలో తేడాలపై అనేక గ్రామాల నుండి అభ్యంతరాలు వచ్చాయి. 2023లో అమలులోకి వచ్చిన భూమి హక్కుల చట్టం తీవ్ర వివాదాస్పదమై 2024లో రద్దయింది. ఎంత కచ్చితమైన పరికరంతో కొలిచినా, రైతు, అతని గట్టు పొరుగువాడు పొలంలో నిలబడి ఒప్పుకొననిదే హద్దు స్థిరపడదని ఈ అనుభవం తెలిపింది.

ఉపాధి హామీ, స్మార్టు కార్డులు

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదటి విడతగా అమలైన ఉమ్మడి రాష్ట్రంలోని 13 జిల్లాలలో కడప ఒకటి. కూలీల హాజరు, పని కొలతలు, వేతన లెక్కలను కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి ఆంధ్ర ప్రదేశ్‌లో తొలినుండీ ఉన్నది. కానీ డబ్బు చివరకు కూలీ చేతికి అందే చోట జాప్యం, కోతలు మిగిలే ఉన్నాయి.

దీనికి పరిష్కారంగా ప్రభుత్వం వేలిముద్రలతో కూడిన స్మార్టు కార్డులను ప్రవేశపెట్టింది. గ్రామంలోనే ఉండే ప్రతినిధి, సాధారణంగా స్వయం సహాయక సంఘానికి చెందిన మహిళ, చేతి యంత్రంలో కార్డును, వేలిముద్రను సరిచూసి డబ్బు ఇచ్చి రసీదు ఇవ్వడం ఈ పద్ధతి. కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు, ఖమ్మం, నల్గొండ, ఆదిలాబాదు, విజయనగరం జిల్లాలలో మొదట బాధ్యత తీసుకొన్న బ్యాంకులు పని ప్రారంభించకపోవడంతో 2010లో మరల మొదలుపెట్టారు. ఈ ఎనిమిది జిల్లాలలో ఏ మండలానికి కార్డులు ముందు, ఏ మండలానికి తరువాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ముందు వచ్చిన 112 మండలాలను, చివరకు ఉంచిన 45 మండలాలతో పోల్చి చూశారు. 2016లో ప్రచురితమైన ఈ అధ్యయనపు ముఖ్య ఫలితాలు:

* ఒక్కొక్క చెల్లింపు తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది.
* పని చేసిన తరువాత వేతనం 5.8 నుండి 10 రోజులు ముందుగా అందింది.
* కూలీలకు చేరకుండా పోయే ఉపాధి సొమ్ము సుమారు 41 శాతం తగ్గింది.
* కార్డులు వాడిన ఉపాధి కూలీలలో సుమారు 90 శాతం మంది పాత పద్ధతి కంటే దీనినే ఇష్టపడ్డారు.

రెండేళ్ళ తరువాత కూడా ఆ మండలాలలో చెల్లింపులలో సగం మాత్రమే కార్డు ద్వారా జరిగేవి. అయినా ఇంత ఫలితం కనిపించింది. పైగా కార్డు లేనివారికి, వేలిముద్ర పడనివారికి పాత పద్ధతిలో చెల్లించే వెసులుబాటును తీసివేయలేదు. అందువలన లబ్ధిదారులు పథకానికి దూరం కాలేదు. ఇదే పరిశోధకులు తరువాత జార్ఖండ్‌లో రేషన్ దుకాణాలలో ఆధార్ సరిచూపును తప్పనిసరి చేసిన విధానాన్ని పరిశీలించగా, అక్కడ అక్రమాలు సగటున తగ్గకపోగా కొందరు అర్హులు సరుకులు కోల్పోయారని తేలింది. సాంకేతికత ఒకటే అయినా దానిని అమలు చేసే నియమాన్ని బట్టి ఫలితం మారుతుందనడానికి ఈ రెండూ ఉదాహరణలు.

గ్రామ, వార్డు సచివాలయాలు

2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలై, 2020 జనవరి 26 నుండి సేవలు అందించసాగింది. సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున గ్రామ సచివాలయాలు ఏర్పడ్డాయి. రాష్ట్రం మొత్తంమీద వీటి సంఖ్య 11,162 కాగా, పట్టణాలలోని వార్డు సచివాలయాలు 3,842. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు, వార్డు సచివాలయంలో విద్య, డేటా ప్రాసెసింగ్ కార్యదర్శి దరఖాస్తులను స్వీకరిస్తారు. దీనితో ప్రొద్దుటూరు, పులివెందుల పట్టణాలలో వార్డులోనే, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలలో ఊరిలోనే దరఖాస్తు ఇచ్చే వీలు కలిగింది. ఇంటింటికీ సేవలు చేర్చడానికి 2019 ఆగస్టులో నియమించిన వాలంటీర్ల వ్యవస్థ 2024లో ప్రభుత్వం మారిన తరువాత కొనసాగలేదు. పింఛన్ల పంపిణీని సచివాలయ ఉద్యోగులు చేపట్టారు.

2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలు ప్రారంభమయ్యాయి. తిరుగుడు ఇంకా తగ్గినప్పటికీ, చరవాణి వాడటం రాని వృద్ధులకు, చదువురాని వారికి కౌంటరు వద్ద మనిషి అవసరం తీరలేదు.

అర్జీల పరిష్కారం

ప్రతి సోమవారం కలెక్టరు, ఇతర అధికారులు ప్రజల అర్జీలు స్వీకరించడం జిల్లాలలో చాలాకాలంగా ఉన్న ఆచారం. 2019 జులైలో "స్పందన", 2023 మేలో "జగనన్నకు చెబుదాం", 2024 తరువాత ప్రజా సమస్యల పరిష్కార వేదిక పేర్లతో ఇది సాఫ్టువేరుతో ముడిపడింది. ప్రతి అర్జీకి ఒక సంఖ్య, బాధ్యుడైన అధికారి, గడువు ఉంటాయి. గడువు దాటిన అర్జీలు జిల్లా స్థాయి సమీక్షలో కనిపిస్తాయి.

ఈ విధానంలోని ప్రధాన లోపం కూడా గడువుతోనే ముడిపడి ఉన్నది. గడువులోగా అర్జీని మూసివేయడమే లెక్కలోకి వస్తే, సమస్య తీరకుండానే "పరిష్కరించబడినది" అని నమోదు చేసే ప్రమాదం ఉన్నది. అందుకే మూసివేసిన అర్జీని తిరిగి తెరిచే వీలు, అర్జీదారునికి ఫోను చేసి సంతృప్తి చెందారో లేదో కనుక్కొనే పద్ధతి అవసరమవుతాయి.

పరిమితులు

* వేలిముద్రలు: రాళ్ళు మోసే కూలీలు, వృద్ధుల వేళ్ళ గీతలు అరిగిపోయి యంత్రం గుర్తించలేకపోవచ్చు. ప్రత్యామ్నాయ మార్గం లేకపోతే అర్హుడే నష్టపోతాడు.
* విద్యుత్తు, సంధానం: సర్వరు ఆగిన రోజున అన్ని కార్యాలయాలూ ఒకేసారి ఆగుతాయి.
* వ్యక్తిగత వివరాలు: ఆధార్, బ్యాంకు ఖాతా, ఆదాయ వివరాలు ఒకేచోట చేరడం వలన వాటి రక్షణ ముఖ్యమైంది. దీనికై దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది.
* డిజిటల్ సంతకం: అధికారి తన సంతకపు తాళాన్ని ఇతరులకు అప్పగిస్తే బాధ్యత ఎవరిదో తేలదు.

ప్రయోజనం

ఈ-పాలన అధికారి విచక్షణను తొలగించదు, అది ఎక్కడ, ఎప్పుడు ఉపయోగించబడినదో నమోదు చేస్తుంది. ఆ నమోదు పౌరునికి కూడా కనిపించినప్పుడే అది జవాబుదారీతనంగా మారుతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ విభాగం ప్రభుత్వ కార్యాలయాలు తమ సమాచారాన్ని ఎవరూ అడగకుండానే ప్రకటించాలని చెబుతుంది. దరఖాస్తు సంఖ్యను భద్రపరచుకోవడం, రసీదు తీసుకోవడం, భూమి రికార్డును ఏడాదికి ఒకసారైనా సరిచూసుకోవడం, గడువు దాటితే పై అధికారికి అర్జీ ఇవ్వడం ఈ వ్యవస్థను పౌరులు ఉపయోగించుకొనే ముఖ్యమైన పద్ధతులు.