శునకవైద్యమున మనుష్యహితము

పెద్దజాతి శునకమొకటి ఏడెనిమిదేండ్ల వయసున ముందుకాలు నేల మోపుటకు వెనుదీయుచు కుంట నారంభించును. ముల్లు గ్రుచ్చుకొన్నదేమో యని యజమాని పాదమంతయు తడవి చూచును. బెణుకేమో యని నాలుగుదినములు వేచియుండును. తుదకు ఎక్స్‌రే తీయించినగాని, మణికట్టుకడ నెముక చెదలు తిన్న కొయ్యవలె గుల్లబారిన సంగతి బయటపడదు. పదునాలుగేండ్ల బాలునకు మోకాటికడ నొప్పి పుట్టగా, ఆటలో తగిలిన దెబ్బ యని తల్లిదండ్రులు తైలము మర్దించుచు దినములు గడపుటయు నిట్టిదే. ఈ రెంటికిని పేరొక్కటే: ఆస్టియోసార్కోమా యను ఎముక క్యాన్సరు. సూక్ష్మదర్శినితో చూచినప్పుడు బాలుని కణితి యేదియో, శునకపు కణితి యేదియో వేఱుపఱచి చెప్పుట నిపుణులకును కష్టము. రెండును ఊపిరితిత్తులకు ప్రాకియే ప్రాణములు తీయును.

భేదమెల్ల సంఖ్యయందును, కాలమందును కలదు. అమెరికాలో ఏటేట ఈ వ్యాధి సుమారు 1,000 మంది మనుష్యులకు సోకుచుండగా, శునకములలో 10,000కు పైగా దీనివాత పడుచున్నవి. మనుష్యులయందు ఒక మందు గుణమును తేల్చుటకు పెక్కేండ్లు పట్టును. ఆయుర్దాయము తక్కువయైన శునకమునందు అదియే ఒకటి రెండేండ్లలో తేలును. అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. ప్రయోగశాలలోని యెలుకకు క్యాన్సరును మనము కల్పింతుము. శునకమునకో, మన యింటనే తిరిగి, మనము పీల్చు గాలినే పీల్చి, మనము త్రాగు నీటినే త్రాగుచుండగా, అది తనంత తానుగా పుట్టును. కావున యజమాని యనుమతితో, చికిత్స నిమిత్తమై, ఆ మూగజీవికి క్రొత్తమందు నిచ్చి చూచుట, దానికిని మనకును మేలు చేయు మార్గమని వైద్యులు గ్రహించిరి.

అయితే యిట్టి పరిశోధనకు ధనమెవ్వరిత్తురు? శునకముల మందులవలన వచ్చు లాభము స్వల్పము గనుక ఔషధ కంపెనీలు వెనుకాడును. ప్రభుత్వనిధులు చాలవఱకు మనుష్యరోగములకే పోవును. మిగిలిన భారమును దాతలే మోయవలసివచ్చుచున్నది. మార్క్ మోరిస్ అను అమెరికా పశువైద్యుడు, బడ్డీ యను అంధుల మార్గదర్శి శునకమునకు మూత్రపిండముల వ్యాధి సోకగా, దానికై ప్రత్యేకాహారమును తయారుచేసి, తరువాత ఆ యాహారము డబ్బాలలో అమ్ముడుపోగా, డబ్బా యొక్కింటికి అర సెంటు చొప్పున వచ్చిన సొమ్ముతో 1948లో మోరిస్ యానిమల్ ఫౌండేషన్‌ను స్థాపించెను. అదే యేట బోస్టనులో, పసివారి క్యాన్సరుపై సిడ్నీ ఫార్బర్ జరుపుచున్న పరిశోధనకై రేడియోలో విన్నపము చేయగా సామాన్యులు పంపిన చిల్లర డబ్బుతో జిమ్మీ ఫండ్ అను నిధి యారంభమయ్యెను. ఫార్బర్ చేతనున్న అమినోప్టెరిన్, భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున లెడర్లే ప్రయోగశాలలో సిద్ధమైన మందు. దాని సోదరియైన మెథోట్రెక్సేట్ నేటికిని బాలుర ఎముక క్యాన్సరునకు వాడబడుచున్నది.

మోరిస్ ఫౌండేషన్ 2012లో 3,000కు పైగా గోల్డెన్ రిట్రీవర్ శునకములను జీవితాంతము గమనించు అధ్యయనమునకు పూనుకొన్నది. ఏటేట వాటి రక్తము, మూత్రము, వెండ్రుకలు, గోళ్ళు సేకరించి భద్రపఱచుదురు. శునకము ఏమి తినుచున్నది, ఎచ్చట పండుకొనుచున్నది, పెరటి గడ్డిపై ఏ మందు చల్లుచున్నారు, త్రాగునీరు ఎక్కడిది అను ప్రశ్నలకు యజమానులు ఓపికతో సమాధానములు వ్రాసి పంపుదురు. ఇట్టి కార్యమునకు ఏండ్ల తరబడి ధనమును, అంతకంటె సహనమును కావలెను. లాభాపేక్షగల వారినుండి దీని నాశింపలేము.

ఫలములు కొన్ని చేతికందినవి. కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమున స్టీఫెన్ విత్రో బృందము, శునకమునకు కాలు తీసివేయక, వ్యాధిగ్రస్తమైన యెముకను మాత్రము కోసి తీసి, దాత యెముకను లోహపు పలకతో బిగించు విధానమును మెఱుగుపఱచగా, ఆ యనుభవము బాలుర శస్త్రచికిత్సకును తోడ్పడినది. కాలు తీసివేసిన శునకములు సుమారు 77 దినములు మాత్రమే బ్రతుకుచుండగా, మిఫామర్టైడ్ అను మందు తోడైనవి 222 దినములు బ్రతికిన వైనమును గ్రెగరీ మెక్‌యూవెన్ ప్రభృతులు 1989లో ప్రకటించిరి. ఆ మందును బాలురకై ఐరోపా 2009లో ఆమోదించినది. అమెరికా మాత్రము ఇంతవఱకు అంగీకరింపలేదు. నిష్ఫలమైన ప్రయత్నములును లేకపోలేదు: సిరోలిమస్ అను మందును 324 శునకములయందు పరీక్షింపగా ఏ మేలును కానరాలేదని 2021లో తేలినది. నా దృష్టిలో ఈ నిరాశయు దానఫలమే; ఏలయన, ఫలింపని మార్గమున పసివారిని నడిపింపక తప్పించు జ్ఞానము వెల లేనిది.

మనుష్యులకే మందులు దొరకని లోకమున శునకములకై ధనము వెచ్చించుట న్యాయమా యని కొందఱడుగుదురు. వారి బాధ నిజమైనదే. కాని యీ ధనము ఒకరి నోటికడ కూడు తీసి మరొకరికి పెట్టుట కాదు. మన పెరళ్ళలో పూయు బిళ్ళగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిన్, ఒకవంక రక్తపు క్యాన్సరుతో నున్న శిశువులను బ్రతికించుచు, మఱియొకవంక వీధికుక్కలలో ఒకదానినుండి ఇంకొకదానికి అంటుకొను జననాంగపు కణితిని వారమున కొక్క సూదితో కరగించుచున్నది. రోగమునకు జాతిభేదము లేనప్పుడు పరిశోధనకేల యుండవలెను?

మనకును రాజేంద్రనగరము, తిరుపతి, గన్నవరములయందు పశువైద్య కళాశాలలు కలవు. విదేశములయందు స్థిరపడి, స్వగ్రామమున బడులకును ఆసుపత్రులకును ఉదారముగ నిచ్చు తెలుగువారు, ఈ కళాశాలలయందు క్యాన్సరు పరిశోధనకై యొక్కొక్క నిధిని నెలకొల్పుటను గూర్చి యాలోచింపవలెనని ప్రార్థించుచున్నాను. దానమీయలేని వారును చేయదగిన దొకటి కలదు: మీ పెంపుడుజీవికి కణితి తీసినప్పుడు, దానిలో చిన్న ముక్కను పరిశోధనకై భద్రపఱచుటకు వైద్యుడు అనుమతి యడిగినచో, కాదనక సమ్మతింపుడు.