రోలర్ డెర్బీ: పడటం నేర్చిన తరువాతే పరుగు

చెడుగుడులో కూతకు వెళ్ళిన ఆటగాడు ఎదుటి పక్షం వారిని తప్పించుకొని గీత దాటి రావాలి. ఆడేవారందరి కాళ్ళకూ చక్రాలు బిగించి, చుట్టుబాటలో పరుగెత్తిస్తే ఎట్లా ఉంటుందో, రోలర్ డెర్బీ ఇంచుమించు అట్లా ఉంటుంది. 1935లో అమెరికాలోని చికాగో నగరంలో లియో సెల్ట్‌జర్ దీనిని ప్రారంభించాడు. 21వ శతాబ్ది తొలి ఏళ్ళలో టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరంలో స్త్రీలు దీనికి తిరిగి ప్రాణం పోశారు. ఇప్పటి ఆటలో కోడిగ్రుడ్డు ఆకారపు బాటపై ఒక్కొక్క పక్షానికి ఐదుగురు దిగుతారు. వారిలో ఒకరు జామర్, తక్కిన నలుగురు బ్లాకర్లు. జామర్ ఎదుటి బ్లాకర్లను ఒకసారి దాటి, చుట్టు తిరిగివచ్చి మళ్ళీ దాటినప్పుడు, దాటిన ఒక్కొక్కరికి ఒక్కొక్క పాయింటు వస్తుంది. ఒక విడత రెండు నిమిషాలకు మించదు.

కొత్తవారు ఆరుగురో ఏడుగురో కలిసి జట్టు పెట్టుకుంటే సాధన నడిపేవారికి పెద్ద చిక్కే. ఐదుగురికి ఐదుగురు లేరు కనుక పూర్తి ఆట ఆడించటం సాధ్యం కాదు. ఉన్నవారిలో ఒకరి మణికట్టు విరిగితే సాధన కూడా సాగదు. వచ్చినవారు పరుగు మీద మనసుపడి వస్తారు. నడిపేవారు మాత్రం ముందుగా పడటం, ఆగటం నేర్పాలి. కారణం భౌతిక శాస్త్రంలో ఉన్నది.

60 కిలోగ్రాముల మనిషి సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆమె గతిజ శక్తి 750 జౌళ్ళు. వేగం సగమైతే శక్తి నాల్గవ వంతుకు తగ్గుతుంది. ఆగాలంటే ఈ శక్తి ఎక్కడికైనా పోవాలి. 5 మీటర్లు జారి ఆగితే దేహంపై పనిచేసే సగటు బలం 150 న్యూటన్లు, అంటే సుమారు 15 కిలోల బరువంత. అర మీటరులోనే ఆగితే 1500 న్యూటన్లు. చాచిన అరచేయి నేలను తాకినప్పుడు దేహం ఆగటానికి దొరికే దూరం ఇంకా స్వల్పం. ఆ బలానికి ముంజేతి ఎముక మణికట్టు దగ్గర విరుగుతుంది. ఐర్లండు శస్త్రవైద్యుడు అబ్రహాం కోలిస్ 1814లో వర్ణించిన విరుపు ఇటువంటిదే. వైద్యులు దానిని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కనుక తల, నోరు, మోచేయి, మణికట్టు, మోకాలు అన్నింటికీ రక్షణ తొడిగించి, మోకాళ్ళపై పడటం నేర్పుతారు. నడుము దించి, ముందు ఒక మోకాలిని, పిదప రెండవదానిని నేలకు ఆనించాలి. మోకాలి కవచం మీది గట్టి చిప్ప జారుతుంది. శక్తి ఘర్షణవల్ల వేడిగా మారుతుంది. పిడికిళ్ళు బిగించి ఛాతీకి దగ్గరగా ఉంచాలి. నేలపై చాచిన వేళ్ళ మీదుగా వెనుకవారి చక్రాలు పోవచ్చు. మొదట నిలుచున్న చోటనే, పిదప నెమ్మదిగా కదులుతూ, ఆ తరువాతనే వేగంతో ఈ సాధన చేయించాలి. మోకాళ్ళు నిటారుగా ఉంచేవారు తరచు వెనుకకు పడతారు; అది మరీ ప్రమాదం. మోకాళ్ళు వంచమని నూరుసార్లు చెప్పటానికి నడిపేవారు విసుగుపడరాదు!

ఆగటంలోని కిటుకు బండి తోలినవారికి తెలిసినదే. బండి ముందుకు సులువుగా దొర్లుతుంది. ప్రక్కకు ఈడ్చాలంటే కదలదు. కాళ్ళు ఎడంగా పెట్టి, వేళ్ళను లోపలికి త్రిప్పి, మడమలను బయటికి నొక్కితే చక్రాలు దొర్లటం మాని అడ్డంగా జారుతాయి. దొర్లుడు ఘర్షణకంటె జారుడు ఘర్షణ చాలా ఎక్కువ.

ఇవి వచ్చిన తరువాత ఇద్దరే చేయదగిన సాధన ఒకటి ఉన్నది. ముందున్నామె చేయి వెనుకకు చాస్తుంది. వెనుకనున్న జామర్ ఆ చేతిని పట్టుకొని ముందుకు దూసుకుపోతుంది. ఇద్దరి బరువులూ సమానమై, ఇద్దరూ సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతున్నారనుకొందాం. నేల ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే, జామర్ వేగం 5 అయినప్పుడు ఇచ్చినామె వేగం 3కు తగ్గుతుంది. ద్రవ్యవేగం మొత్తం మారదు. తన వేగం తగ్గుతుందని ముందుగా తెలియని బ్లాకరు తూలిపడుతుంది.

ఆరుగురే ఉన్నప్పుడు ముగ్గురిని గోడగా నిలిపి, ఒకరిని జామర్‌గా పంపి, ఒకరికి గడియారం అప్పగించి, మరొకరిని కాళ్ళు మాత్రమే గమనించమనవచ్చును. అర నిమిషం చాలు. తరువాత స్థానాలు మార్చాలి. కొన్ని విడతలు గడిచేసరికి అలసటవల్ల మోకాళ్ళు నిటారవుతాయి. కాళ్ళు గమనించేవారు ఆ మాట చెప్పగానే ఆనాటికి ఢీకొనే సాధన ఆపివేయాలి.