పర్లాకిమిడి పంతులుగారు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే గ్రాంథిక వ్యావహారిక వాదాలు, పండితసభలు, ఖండనమండనాలు జ్ఞప్తికి వస్తాయి. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషాదినోత్సవం జరుపుకొంటూ మనం స్మరించేది ఆ యోధుణ్ణే. అయితే ఆ వాదాలకు పూర్వం నుంచీ, వాటి నడుమనూ, ఆయన ఒక చిన్న ఊళ్లో నిండు సంసారం సాగించిన బడిపంతులు. ఆయన సాధించిన వాటిలో మిక్కిలి కష్టమైనది సభావేదికల మీద కాక ఇంటిలోనే సాగింది.

1863లో శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిన పంతులుగారు పన్నెండవ యేట తండ్రిని పోగొట్టుకొన్నారు. విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకొన్నారు. అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను గట్టెక్కగానే చదువు ఆగింది. మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతం మీద ఉపాధ్యాయులయ్యారు. పదునేడేండ్లయినా నిండని వాని భుజాల మీద కుటుంబభారం పడిందన్నమాట. పై పరీక్షలన్నీ ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి నెగ్గారు. ముఖలింగం ఆలయంలోని శాసనాల లిపులను గురువు లేకుండానే నేర్చుకొన్నారు.

పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందినది. దానికి అప్పటికి లిపి లేదు, నిఘంటువు లేదు. ఆ భాష నేర్వదలచి పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంటిలోనే పెట్టుకొన్నారు. ఇది చదవడానికి ఒక వాక్యమే. ఆచారాలు బిగువుగా ఉన్న ఆనాటి బ్రాహ్మణగృహంలో ఒక కొండమనిషికి చోటివ్వడం ఊరివారి కంటికి ఎట్లా కనబడి ఉంటుందో ఊహించవచ్చు. ఇల్లాలి ఓర్పు లేనిదే ఇటువంటి పని సంవత్సరాల తరబడి సాగదు. చరిత్రలు వ్రాసేవారు ఈ ఓర్పును లెక్కలో వేయరు.

సవర భాషలో కంఠంలో గాలిని క్షణకాలం బిగబట్టి పలికే ధ్వనులున్నాయి. తెలుగు అక్షరాలు వాటికి చాలవు. చెవి ఒక్కటే సాధనం. పంతులుగారికి ఆ సాధనమే చెడిపోయింది. మన్యంలో తిరుగుతుండగా పట్టుకొన్న మలేరియాకు క్వినైను పుచ్చుకోవడంతో చెముడు వచ్చింది. అది కడవరకూ వదలలేదు. ధ్వనిశాస్త్రం చేసేవానికి వినికిడి పోవడమంటే చిత్రకారునికి చూపు పోవడమే. అయినా పని ఆగలేదు. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు వ్రాశారు, బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ సొమ్ముతో మంచి బడి ఒకటి పెట్టండి అన్నారు. పెద్దకుమారుడు సీతాపతిగారు ఇదే కృషిలో దిగారు. తండ్రి ఆస్తి కొడుకుకు రావడం లోకంలో మామూలే. తండ్రి చేస్తున్న పనిని కొడుకు అందుకోవడం అంత మామూలు కాదు.

పంతులుగారు 1911లో ఉద్యోగం విరమించారు. వ్యావహారిక భాషోద్యమం మిక్కిలి ఉద్ధృతంగా సాగినది అటుపిమ్మటనే. 1919లో పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. ఆ కథ అందరూ ఎరిగినదే. 1931లో సవర వ్యాకరణం ఆంగ్లంలో అచ్చయింది. 1933లో ఆయనకు డెబ్బదియేండ్లు నిండగా రాజమహేంద్రవరంలో సన్మానించి వ్యాససంపుటి సమర్పించారు.

ఆ తరువాత మూడేండ్లకే పిడుగు పడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. తెలుగువారు విశేషంగా ఉన్న పర్లాకిమిడిని అందులో చేర్చరాదని పంతులుగారు ముందునుంచీ ప్రతిఘటించారు. ఫలితం లేకపోయింది. ప్రారంభోత్సవం నాటికి తాను ఆ ఊళ్లో ఉండరాదని నిశ్చయించుకొని బయలుదేరి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. ఆయన వయస్సు అప్పటికి డెబ్బదిరెండు దాటింది. పర్లాకిమిడిలో యాబదియైదేండ్లు గడిచాయి. పెంచిన బిడ్డలు, చదువు చెప్పిన శిష్యులు, కొండ దిగివచ్చే సవరలు, అంతా ఆ ఊరే. ఆ వయస్సులో మనుష్యులు అరుగు మీది చోటు మారడానికైనా ఇష్టపడరు! అది పట్టుదల అనండి, అభిమానం అనండి, అందుకు ఆయన చెల్లించిన మూల్యం సొంత ఇల్లు.

శేషజీవితం కుమారుని దగ్గర గడిచింది. 1938లో సవర–ఇంగ్లీషు కోశం వెలువడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది కూడా ఆ యేడే. 1940 జనవరి 15న మద్రాసులో పత్రికలవారి ముందు ప్రజల భాషను గురించి కడసారి మాట్లాడి, 22న కన్నుమూశారు.

సీతాపతిగారు 1969 వరకు జీవించారు. తండ్రి గతించిన పిమ్మట కూడా ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో సవరలను గురించీ, వారి దేశాన్ని గురించీ వ్యాసాలు వ్రాస్తూ వచ్చారు.